నా పేరు లేని సెలవుల పట్టిక

డిప్లొమా చేతికొచ్చిన ఆ కొత్తల్లో, ఏ కష్టమైనా కాగితం మీద గళ్లు గీసి రాస్తే తీరిపోతుందని నా గట్టి నమ్మకం. ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా చేరిన వారానికే బేరింగులకు ఒక లిస్టు, బెల్టులకు ఒక లిస్టు, ఆ లిస్టులన్నిటికీ కలిపి ఇంకో లిస్టు రాసి (చివరిది ఎవరూ అడగలేదు) ‘లిస్టు సారు’ అనిపించుకున్నాను. అలాంటి నాకు, అక్కడ పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లకు సెలవు నెలకు ఒక్క అమావాస్యేనని, అదీ ఆ రోజు మిషన్లకు పూజ కాబట్టేనని తెలిసింది.

చెప్పింది కోసిగి పెద్దమ్మ. కోసిగి నుంచి పనికొచ్చి మిల్లు వెనక గదుల్లో ఉండే ఆడవాళ్లకు ఆమే పెద్దదిక్కు. “ఆదివారం సర్చికి పోయి మూడు నెలలాయ సారూ. దేవుడు నన్ను మరిసిపోయింటాడు” అంది. వారానికో సెలవు చట్టంలోనే ఉందని, పుస్తకంలో ఆ పేజీ మడిచి శెట్టి (మా యజమాని) ముందు పెట్టాను. ఆయన పుస్తకం ముట్టుకోలేదు. “ఇనుముకే నెలకొక దినం సాలుతాంటే మనుసులకు సాలదేమప్పా?” అన్నాడు. “ఇనుముకు వారం వారం గ్రీజు పెడతాం కదన్నా. లేకపోతే పట్టేస్తుంది” అన్నాను. అని, ఉద్యోగం పోయిందనుకున్నాను. శెట్టి మిషన్ వైపు చూసి, “సరే, పని ఆగకుండా వంతులేసి రాయి” అన్నాడు. చట్టానికి వంగని మనిషి గ్రీజుకు వంగాడు.

ఇరవై మూడు పేర్లు, ఏడు రోజులు, మూడు రంగులు. పట్టిక గోడకెక్కింది. ఆదివారం గడిలో పెద్దమ్మ. ఒప్పుకున్నట్టు అందరూ వేలిముద్ర వేస్తే అమలు. మొదటి వంతు ఆమెదే. వేలు చాపలేదు.

“నీ పేరు యాడుండాది సారూ?”

పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. లేదు. చేరి అరవై ఒక్క రోజులు. అమావాస్యలు కూడా దక్కలేదు (పూజకు కొబ్బరికాయలు తెచ్చింది నేనే). ఎమ్మిగనూరు నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా వస్తానంటూనే ఉన్నాను.

“అందరికీ సట్టం సెప్తివి. నువ్వు మనిసివా, మిషన్‌వా?” ఆడవాళ్లు గొల్లున నవ్వారు. “ఈయప్ప పేరెక్కేదాకా మేమెవరం ఏలు ముద్దర ఎయ్యం” అంది పెద్దమ్మ.

“నీ ఆదివారం పోతుంది పెద్దమ్మా, వేసెయ్” అని బతిమాలాను.

“పోనీ. దేవుడు ఇంగో వారం ఆగుతాడు.”

గోల విని శెట్టి వచ్చాడు. “సారు మన ఇంటి మనిసి లెక్క. ఆయప్పకు సెలవెందుకు?”

“ఇంటి మనిసైతే ఇంటికి పంపు శెట్టన్నా, వాళ్లమ్మ సూసుకుంటాది” అంది పెద్దమ్మ.

శెట్టి నా జేబులోంచే పెన్ను లాక్కుని మంగళవారం గడిలో నా పేరు రాశాడు. పెద్దమ్మ అందరికంటే ముందు వేలు చాపింది.

ఆ మంగళవారం అలవాటు కొద్దీ ఎనిమిదికే గేటు దగ్గరికి పోయాను. అక్కడ ఊడుస్తున్న పెద్దమ్మ చీపురు అడ్డం పెట్టింది. “గోడ మీద నీ పేరుండాది. పో, ఎమ్మిగనూరు బస్సెక్కు.” ఎక్కాను. వాకిట్లో నన్ను చూసి అమ్మ చేతిలోని చేట జారవిడిచింది. “ఉద్యోగం ఊడిపోయిందా నాయనా?”

ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాను. సెలవుల పట్టిక కంప్యూటరే వేస్తుంది, నా పేరూ ఉంటుంది. అయినా ఆదివారం ఆఫీసు ఫోన్ మోగితే మొదటి రింగుకే లేస్తాను. ఎత్తేముందు మాత్రం ఎందుకో వాకిలి వైపు చూస్తాను. చీపురు అడ్డం పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.