మోరిస్ తలుపు మీది శంఖం

పదవీ విరమణకు ముందు ఏడాది, దసరా దగ్గర పడుతున్న రోజుల్లో, విజయనగరం రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల తనిఖీ అధికారిగా ఉన్నాను. రెండు పాత కార్లను పరిశీలించి నివేదిక ఇమ్మని పై అధికారి పురమాయించారు. యాభై ఏళ్లు దాటిన బండి పుట్టినప్పటి రూపంలోనే ఉంటే వింటేజ్ వాహనంగా, తన పాత నంబరుతోనే నమోదవుతుంది. ఇంజిను మారితే కాదు.

రెండూ రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో ఐరోపాలో తయారైనవే. మొదటిది ఇంగ్లండు మోరిస్ మైనర్, మా తాతగారిది. జమీందారీ ఎస్టేటు పోయాక మా నాన్న అమ్మేశారు. చేతులు మారి చీపురుపల్లి కాంట్రాక్టరు పైడిరాజుకు చేరింది. రెండోది జర్మనీ బీటిల్, పూసపాటిరేగ తీరంలో చేపల వ్యాపారం చేసే నర్సమ్మది.

మోరిస్ అద్దంలా మెరుస్తోంది. తలుపు మీద మా వంశపు శంఖం గుర్తును పైడిరాజు బంగారు రంగులో వేయించాడు. మమ్మల్ని అడగనైనా లేదు. బీటిల్ ముందుభాగమంతా ఉప్పునీటి తుప్పు.

మోరిస్‌కు ఇంజిను ముందుంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. బీటిల్‌కు వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది. సామాన్ల అర ముందు.

"మా మావ అందుకే కొన్నాడు బాబూ. ముందర సేపలు, ఎనక ఇంజిను. ఏడి తగల్దు, సేప సెడదు," అంది నర్సమ్మ.

పైడిరాజు ముక్కు మూసుకున్నాడు. "ఇది కారేటి? సేపల తట్ట!"

"తట్టేరా. నీ బండి రంగు గీకితే ఏటి మిగుల్తాదో సూడు ముందు."

ఆ కాలపు కార్లకు మలుపు తిరిగేటప్పుడు పక్క స్తంభంలోంచి చిన్న చెయ్యి లేచి దారి చూపేది. నర్సమ్మ స్విచ్ వేస్తే బీటిల్ చెయ్యి వణుకుతూ లేచింది. మోరిస్‌లో ఆ చెయ్యి లేచే చీలికను పుట్టీతో పూడ్చేశారు. బానెట్ ఎత్తించాను. లోపల ఈ కాలపు డీజిల్ ఇంజిను! నా ఒళ్లు మండిపోయింది.

"ఏసీ కావాలి కదా బాబూ, పాత ఇంజిను లాగదు," అన్నాడు పైడిరాజు. "మీ తాతగారి బండి. మీరే కాదంటే ఎవుడి పరువు పోతాది?"

నేను కాదంటే తాతగారి పాత నంబరు ఇక ఏ బండి మీదా కనబడదు. అది తెలిసే తెచ్చాడు. అక్కడే, అతని కళ్ల ముందే, తిరస్కరిస్తూ నివేదిక రాశాను. శంఖం చెరిపేయమన్నాను.

"అమ్ముకున్నోళ్లకి రోసమేటి బాబూ? తలుపు నాది."

గుర్తు చెరిపించే నిబంధన లేదు కాబట్టి నివేదిక మీద సంతకం పెట్టి బీటిల్ దగ్గరికి నడిచాను.

నా సిఫారసుతో బీటిల్ నమోదైంది. మోరిస్‌ను పెళ్లి ఊరేగింపుల్లో తిప్పుతున్నారు, ఆ శంఖంతోనే. చూసినప్పుడల్లా నాకు అంతే కోపం వస్తుంది. అయినా ఆ రోజు తెలిసినది ఇది: తలుపు మీద ఎవరి గుర్తు ఉన్నా బానెట్ ఎత్తి చూడాలి. మన గుర్తే ఉంటే, మొదట ఆ బండిదే ఎత్తాలి.