ప్రార్థన చేసి ఇచ్చిన గుళికలు

ఆ రోజుల్లో, అంటే నేను నర్సుగా కొత్తగా చేరి, యూనిఫాం వేసుకుంటే చాలు రోగాలన్నీ నన్ను చూసి పారిపోతాయనుకునే రోజుల్లో, సరోజినీ నగర్‌లో బాబాయివాళ్ల ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండేదాన్ని. బాబాయికి గుండె కవాటం మార్చారు. రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి. మా తెలుగు చర్చిలో సగంమంది నర్సులే (మిగతా సగం నర్సుల భర్తలు). ప్రార్థన మనవుల్లో ఎవరి పేరైనా వినబడిందా, ఆరాధన అయ్యాక చాయ్ దగ్గర ఆ మనిషి చేతిలో ఏదో ఒక సీసా పడాల్సిందే. బాబాయికి ఒక ఆంటీ వెల్లుల్లి గుళికలు, ఇంకో ఆంటీ పసుపు క్యాప్సూల్స్, ప్రార్థన చేసి మరీ ఇచ్చారు. వార్డులో రోగి సొంతంగా తులసాకు నమిలినా కేకలేసేవాళ్లే వీళ్లంతా.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ బాబాయి చెంప కోసుకున్నాడు. చిన్న గాటే. టవలు తడిసిపోయినా రక్తం ఆగలేదు. నా చదువంతా ఎటో పోయింది. బాబాయి మాకు దక్కడేమోనని నిజంగా భయపడ్డాను. పిన్నితో కలిసి ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరు "ఔర్ కోయీ దవాయీ లేతే హై?" అని, వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే, బాబాయి చెంపకి గుడ్డ అదుముకుని "నహీ సాబ్" అన్నాడు.

"ఆ గుళికల సంగతి చెప్పవేంటి బాబాయ్?" అన్నాను.

"అవి మందులెందుకవుతాయే, వెల్లుల్లీ పసుపేగా," అంది పిన్ని. "పైగా ప్రార్థన చేసిచ్చారు. వద్దంటే ఏమనుకుంటారు?"

పరీక్ష చేస్తే రక్తం మరీ పలచబడిందని తేలింది. గుళికల సంగతి నేనే డాక్టరుకి చెప్పేశాను. మొక్కల మందైనా సరే ఈ మాత్రతో కలిస్తే ప్రమాదమేనని, అడక్కుండా ఏదీ వేసుకోవద్దని డాక్టరు కాస్త గట్టిగానే చెప్పాడు. గుళికలు ఆపేశారు, బాబాయి తేరుకున్నాడు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను మైకు పట్టుకుని గొంతు పోయేదాకా ఉపన్యాసం దంచాను. అందరూ ఆమెన్ అన్నారు. కిందికి దిగగానే వెల్లుల్లి గుళికల ఆంటీ నా చేయి పట్టుకుని, "ఎంత బాగా చెప్పావు తల్లీ, గొంతు బొంగురుపోయింది, ఈ పొడి తేనెలో కలుపుకుని నాకెయ్" అంటూ పొట్లం పెట్టింది.

ఇప్పుడు నా మోకాళ్లూ అరిగాయి, నా మాత్రలూ పెరిగాయి, డ్యూటీ మాత్రం తరగలేదు. ఒక్క ఉపన్యాసంతో చర్చి మొత్తాన్నీ మార్చేద్దామనుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. వార్డులో "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడగడం ఎప్పుడో మానేశాను. "మీ మీద ప్రేమతో ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" అంటాను. అప్పుడు బయటికొస్తాయి, దిండు కింద నుంచి సీసాలు.