ఆకుగదిలో డోలక్

తడి గోనెపట్టా కింద మల్బరీ ఆకు వాసన వస్తే చాలు, నాకు రత్నమ్మక్క గొంతు వినిపిస్తుంది. ఈ పొద్దున, పట్టుపురుగుల మేత దాచే ఆకుగది తలుపు తీశాను. చల్లటి చీకట్లో ఎవరో కూర్చొని నెమ్మదిగా భజన తాళం వేస్తున్నట్టు అనిపించింది. చూస్తే గోనె నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. ఆమె పోయి రెండేళ్ళు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మా ఊరు సాదలిలో శనివారం సాయంత్రం భజన నడిపింది ఆమే. మా ఆయన బతికున్నప్పుడు నేనూ పాట ఎత్తుకునేదాన్ని. ఆయన పోయాక పాటకు నోరు తెరవలేదు. అక్క ఒక్కరోజూ బలవంతం చేయలేదు. నా తాళాల జతను మాత్రం వేరొకరికి ఇవ్వకుండా ప్రతి వారం తన పక్కన పెట్టుకునేది.

అట్లా ఉండగా ఒక ఏడు పట్టునూలు తీసే షెడ్డులో పనికి బీహారు నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి మా పట్టుపురుగులింటి వెనక దిగాయి. సాయంత్రమైతే ఫూల్‌మతి అనే ఆమె డోలక్ వాయించేది, మిగతా ఆడవాళ్ళు పాడేవారు. అప్పుడు నా పట్టుపురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. మేత మాని, తలలెత్తి, కదలకుండా ఉండే ఆ పూటను మేము జ్వరం అంటాము. వాటికి చప్పుడు పడదని అప్పుడు గట్టిగా మాట్లాడం కూడా. ఆ పంట పోతే నాకు ఇంకో ఆధారం లేదు. పోయి, ఆమె చేతిలోని డోలక్‌ను లాక్కొని వచ్చి, ఆకుగదిలో పెట్టి బీగం వేశాను.

రెండో రోజు పురుగులన్నీ లేచి మేతకు వచ్చాయి. డోలక్ ఇచ్చేద్దామని తలుపు తీశాను. ఆకు వాడిపోకూడదని నేనే తడిపి ఉంచిన గది దాన్ని నానబెట్టేసింది. తోలు వదులై, కొడితే దుప్పటి దులిపిన చప్పుడు. చేతికిస్తే ఫూల్‌మతి చెంప ఆనించి విన్నది. వచ్చీరాని తెలుగులో, "అమ్మ ఇచ్చింది, పెళ్ళికి. ఇప్పుడు మాట్లాడదు," అన్నది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

అక్క దగ్గరికి పరిగెత్తాను.

"ఆకు పెట్టే చోట డోలక్ పెడితివా? మేత కూడా వేసింటివా ఏమమ్మా దానికి," అన్నది.

"ఎగతాళి చేయొద్దక్కా. ఏం చేసేది చెప్పు."

"చలికి పురుగుల కాడ పెడ్తావే, ఆ కుంపటి యాడ ఉండాది? ఎత్తుకోని రా. ఆయమ్మనీ పిలువు."

పురుగులింటి వసారాలో కుంపటి చుట్టూ ముగ్గురం కూర్చున్నాము. ఫూల్‌మతి డోలక్‌ను నిప్పుకు కాస్త దూరంగా, బిడ్డకు కాపడం పెట్టినట్టు తిప్పుతూ ఉంది. గోడ అవతల వాన కురుస్తున్నట్టు పురుగులు ఆకు తినే చప్పుడు. అది వింటూ ఎంతసేపు కూర్చున్నామో తెలియలేదు. తోలు మెల్లగా బిగిసింది.

"పాట లేకుంటే సరిపోయిందో లేదో యట్ల తెలుస్తాది? పాడు, గంగమ్మా," అన్నది అక్క.

"నువ్వే పాడక్కా. నా గొంతు తుప్పు పట్టిండాది."

"దాని గొంతు తీసింది నువ్వు. నువ్వే తెచ్చి ఇయ్యాల." కొంగులోంచి నా తాళాలు తీసి ఒళ్ళో పెట్టింది.

పాడాను. గొంతు రెండుచోట్ల విరిగింది. విరిగిన చోటల్లా డోలక్ వచ్చి పట్టుకుంది. ఫూల్‌మతి కళ్ళు మూసుకొని వాయిస్తోంది. అక్క బొగ్గులు ఎగదోస్తూ ఉండిపోయింది.

ఆ శనివారం భజనకు వాళ్ళందరూ వచ్చారు. మా పాటకు వాళ్ళ దరువు, వాళ్ళ పాటకు మా తాళం.

ఇప్పుడు చలికాలపు శనివారాలలో భజనకు ముందు కుంపటి అంటించేది నేను. ఫూల్‌మతి డోలక్ తెచ్చి నా చేతికే ఇస్తుంది, ఆనాడు లాక్కున్న చేతికి. తోలు మీద అరచెయ్యి ఆనించి, వెచ్చబడేదాకా కూర్చుంటాను.