బేడలు ఉడికే ఊరు

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఏ దేశంలో ఉండాలన్న చర్చ మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. అది నా పెళ్ళినాడే తేలిపోయింది. నేను మలేసియాలో ఒక రబ్బరు తోటలో పుట్టినవాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళాడు. ఉద్యోగ శిక్షణకని బెంగుళూరు వచ్చి రెండేళ్ళున్నప్పుడు, నేను అద్దెకున్న ఇంటివాళ్ళ బంధువుల అమ్మాయిని చేసుకున్నాను. ఆమెది పావగడ తాలూకా అరసికెరె; కర్ణాటకలో ఉన్నా ఇళ్ళల్లో తెలుగే. అప్పగింతలప్పుడు మా మామగారు నా రెండు చేతులూ పట్టుకుని, "బిడ్డను సముద్రం దాటిస్తాండావు. ముసిలితనానికన్నా మా సీమకు తెచ్చి విడువప్పా" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ముసలితనమనేది ఒకటుంటుందని ఎవడు నమ్ముతాడు? సరేనని తలూపేశాను.

ఆ తలూపుడు ముప్పై ఏళ్ళు నా వెంటబడింది. మా ఊళ్ళో రోజూ సాయంత్రం వాన పడుతుంది. బట్టలు ఆరవు, చెప్పులకు బూజు పడుతుంది. ప్రతి సాయంత్రం తడి బట్టలు లోపలికి తెస్తూ నా భార్య, వాళ్ళ ఊళ్ళో ఆరేసి వెనక్కి తిరిగేలోగా ఆరిపోతాయని చెప్పేది. కొన్నాళ్ళుంటే మనుషులు కూడా ఆరిపోతారని నేననేవాణ్ణి. ఇక మా ఇంటి పప్పును ఆమె ఏనాడూ మెచ్చుకోలేదు. కందిపప్పును వాళ్ళ సీమలో బేడలంటారు. తానే వండి, తానే వడ్డించి, "మా ఊరి నీళ్ళల్లో ఉడికిన బేడల రుచే వేరు" అని తానే పెదవి విరిచేది. నేను పనిచేసింది నీటి సరఫరా శాఖలో. నా నీళ్ళను ముప్పై ఏళ్ళు నా ఇంట్లోనే తీసిపారేస్తుంటే నాకు కోపం రాకుండా ఉంటుందా? వచ్చేది. కానీ మాటిచ్చినవాణ్ణి గనక మింగేసేవాణ్ణి.

తొంభైల మొదట్లో నా పెన్షన్ కాగితాలు చేతికొచ్చాయి. కూతురు పెళ్ళయి తన సంసారంలో తానుంది. ఆరు నెలల వీసా తీసుకుని ముందు చోటు చూసుకుందామని బయల్దేరాం. మామగారూ అత్తగారూ అప్పటికే పోయారు. అరసికెరెలో ఉన్నది నా భార్య అన్న, అంటే నాకు బావ, ఆయన భార్య. ఆమెను నా భార్య వదినమ్మ అంటుంది; ఇందులో నేనూ అలాగే రాస్తాను.

ఎండలు మండుతున్నప్పుడు దిగాం. మా కోసం రెండు ఇనప కుర్చీలు పక్కింటి నుంచి తెప్పించారు. మేము లేస్తే కుర్చీ, కూర్చుంటే కాఫీ, బయటికి పోతే గొడుగు. నా భార్య వంటింటి గడప దాకా పోతే చాలు, వదినమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టి, "మీరెందుకు ఈ పొగలోకి, పోయి గాలికి కూచోండి" అని వెనక్కి పంపేది. నేను పరమానందంగా గాలికి కూర్చున్నాను. నా భార్య మాత్రం నాలుగో రోజుకే కుర్చీలో ముళ్ళున్నట్టు కదలడం మొదలుపెట్టింది.

ఊళ్ళోవాళ్ళు పలకరింపుకు వచ్చేవాళ్ళు. అందరూ మొదట అడిగేది ఎన్ని దినాలుంటారని. శాశ్వతంగా ఉండటానికి చోటు వెతుకుతున్నామని చెప్పగానే జాలిగా చూసి, ఎక్కడ ఉంటే బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు. ఒక్కరూ అరసికెరె పేరెత్తరు. ఇక్కడ ఏముంది, మూడేళ్ళుగా పంట లేదు, నిడుగల్లు పోండి, కొండ కింద నీళ్ళు బాగుంటాయని ఒకరు. వల్లూరు నయమని ఇంకొకరు. పావగడ టౌనులో అయితే డాక్టరున్నాడని మరొకరు. దూరపు కొండలు నునుపంటారు. ఇక్కడ నిజంగానే దూరంగా కొండ కనిపిస్తుంటే ఇక చెప్పేదేముంది.

నా భార్య అందరికీ నవ్వుతూ తలూపేది. ఒక మధ్యాహ్నం నాతో మాత్రం చెప్పింది. "ఉండమని ఒగరన్నా అంటారని చూస్తాండాను. మా అన్న గూడా అనల్యా." వీళ్ళు పిలవకపోతే ఏం, నీ ఊరే కదా ఉందామన్నాను. పిలవని పేరంటానికి పోయే అలవాటు తనకు లేదంది. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు బాధేసింది. వాళ్ళందరి మీద ఒళ్ళు మండింది కూడా.

మర్నాటి నుంచి ఊళ్ళు చూడటానికి బయల్దేరాం. నేను నీళ్ళను పరీక్షించే గాజు గొట్టాలూ కాగితాలూ తెచ్చుకున్నాను. నా భార్య వాటిని ముట్టుకోనివ్వలేదు. పావగడలో ఒకే అంగట్లో ఒకే మూట నుంచి కందిబేడలు కొని, ఒక చిన్న గిన్నె, ఒక కొలత గ్లాసు సంచిలో వేసుకుంది. ఏ ఊరు పోతే ఆ ఊళ్ళో ఒక గ్లాసు బేడలు, మూడు గ్లాసుల నీళ్ళు, మూడు రాళ్ళ పొయ్యి, మంటకు నాలుగు కందికట్టెలు. గంటలోపల బేడ మెత్తబడితే ఆ ఊళ్ళో ఉండొచ్చు. వాళ్ళ అమ్మ కొత్త చోటికి పోయినప్పుడల్లా చేసిన పరీక్ష ఇదేనట. వాచీ పట్టుకుని కూర్చోవడం నా వంతు.

వల్లూరులో మా పొయ్యికి చోటిచ్చిన పెద్దాయన మాటల సందడిలో మర్యాదకని గిన్నెలో ఉప్పు వేశాడు. ఉప్పు పడితే బేడ బిగుసుకుంటుంది, పరీక్ష పోయింది. పావగడలో బేడలు వెన్నలా ఉడికాయి. మేము పొంగిపోయి ఇల్లు కూడా చూశాక, ఆ నీళ్ళు ఎక్కడో దూరం నుంచి ట్యాంకరులో వచ్చాయని తెలిసింది. నిడుగల్లు చేరేసరికి మా కీర్తి మాకంటే ముందు చేరింది. నేను టోపీ పెట్టుకుని వాచీ చూస్తూ ఏదో రాసుకోవడంతో, బోరు వేయించడానికి పైనుంచి వచ్చిన ఆఫీసరుననుకున్నారు. ఒకాయన కన్నడంలో అర్జీ రాయించి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాకు కన్నడం చదవడం రాదు. కాదని చెబితే వినడు. చివరికి నా భార్య చదివి, తాలూకాఫీసులో ఎవరికివ్వాలో కనుక్కుని, తిరుగు ప్రయాణంలో ఇచ్చి వచ్చింది.

అయితే నిడుగల్లులో బేడలు నిజంగా ఉడికాయి. నలభై నిమిషాలు. కోట ఉన్న కొండ నీడ సాయంత్రం ఊరి మీదికి వస్తుంది, మేకల మందలు దిగుతుంటాయి, రెండు గదుల ఇల్లొకటి ఖాళీగా ఉంది. నాకు తెగ నచ్చింది. నా భార్య కూడా బాగుందంది. మరి ఇల్లు ఖాయం చేద్దామా అంటే, అరసికెరె నీళ్ళు కూడా ఒకసారి చూడనివ్వమంది.

తన ఊరి నీళ్ళ మీద ఆమెకున్న నమ్మకం చూసి అదేం పరీక్ష అనుకున్నాను. వంటింట్లోకి రానివ్వరు కాబట్టి వాకిట్లోనే మూడు రాళ్ళు పెట్టింది. ఇరుగుపొరుగు చేరారు. గంట గడిచింది, గంటన్నర గడిచింది. కందికట్టెలు అయిపోయి కొత్తవి తెచ్చారు. గరిటెతో ఒక బేడ తీసి వేళ్ళ మధ్య నొక్కితే రాయిలా జారి దూరంగా పడింది. నాకు నవ్వు రావాల్సిన చోటు అది, ముప్పై ఏళ్ళ కసి తీరాల్సిన చోటు. కానీ ఆమె ముఖం చూసి నాకు నవ్వు రాలేదు.

బావ నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళమ్మ బేడలకని ప్రత్యేకంగా ఒక కడవ నీళ్ళు తెచ్చేది చేనిలోని బావి నుంచి. ఆ బావి ఎండిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడున్నది బోరు నీళ్ళు, కొంచెం ఉప్పన. "నిడుగల్లే మేలమ్మా" అన్నాడు. "శుక్రవారం పోయి మాటిచ్చి రాండి." ఆయన మేలుకోరే అన్నాడు. నా భార్యకు మాత్రం పొమ్మన్నట్టే వినపడింది. గిన్నె కడిగి సంచిలో పెట్టేసింది.

గురువారం సాయంత్రం వాన పడింది. నేను పుట్టినప్పటి నుంచీ రోజూ వాన చూసినవాణ్ణి. వాన పడితే జనం లోపలికి పోతారని మాత్రమే నాకు తెలుసు. ఇక్కడ జనం బయటికి వచ్చారు. బావ వాకిట్లో నిలబడి తడుస్తూ, మట్టిలోకి వేలు గుచ్చి ఎంత లోతు దిగిందో చూశాడు. పదును సరిపోయిందన్నాడు. అంటే విత్తనం వేయడానికి చాలినంత తడి. అది రెండు మూడు రోజులు మించి నిలవదట.

శుక్రవారం పొద్దున మేము మంచి బట్టలు కట్టుకుని, నిడుగల్లు బస్సు కోసం సంచితో బయటికి వచ్చాం. వాకిలంతా శెనక్కాయల కుప్ప. వాన వస్తుందో రాదోనని సగం విత్తనం ఒలవకుండా కాయగానే ఉంచారు. ఇప్పుడది మధ్యాహ్నం లోపల గింజ కావాలి. ఊళ్ళో ప్రతి ఇంటా అదే పని, కూలికి మనిషి దొరకదు. వదినమ్మ ఇద్దరు ముసలమ్మలను పెట్టుకుని కూర్చుని, తల ఎత్తకుండా కాయలు తట్టి ఒలుస్తోంది. మేము చెప్పులేసుకుంటుంటే చూసింది.

"యాడికి?" అంది నా భార్యతో.

నిడుగల్లుకని చెప్పింది నా భార్య.

వదినమ్మ పక్కనున్న చేట నిండా కాయలు ముంచి ఆమె ముందు పెట్టింది. "బస్సు రేపు గూడా వస్తాది. పదును వస్తాదా? కూచో, ఒలుచు."

నా భార్య ఆ చేట వైపు చూస్తూ నిలబడింది. తర్వాత పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మట్టిలో కూర్చుంది. పది కాయలు ఒలిచిందో లేదో వదినమ్మ కసిరింది. "అంత గట్టిగా నొక్కద్దు. ఎర్రపొట్టు పోతే మొలవదు. మీ అమ్మ నేర్పల్యా?" నెలన్నరగా ఆ ఇంట్లో నా భార్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె తల వంచుకుని నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది కూడా.

నేను ఇనప కుర్చీలో కూర్చోబోతే, ఆ కుర్చీ పక్కింటి వాళ్ళకు ఇచ్చేయమని నన్నే పంపారు. తిరిగొచ్చి నేనూ ఒక చేట తీసుకున్నాను. నా వేలిగోరు కాయలో ఇరుక్కుంది, ముసలమ్మలు బాగా నవ్వుకున్నారు. అందరి ముఖాలూ కులాసాగా ఉన్నాయి గనక నేను ధైర్యం చేసి వదినమ్మను అడిగేశాను. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఉండమని ఒక్కరూ ఎందుకు అనలేదని.

ఆమె చేతులు ఆగలేదు. "ఎట్ల అనేదన్నా? దినామూ వాన పడే దేశంలో ఉండొచ్చిన మనిషి. ఈడ తాగే నీళ్ళకే కష్టం. రమ్మని పిలిచినాక పంట పోతే, ఆమె కష్టపడితే, ఆ పాపం పిలిచినోళ్ళకు కదా తగిలేది. మీరుండల్లని మాకు మాత్రం ఉండదా?" అని నా భార్య వైపు తిరిగింది. "లోపల బేడలు రాత్రే నానబెట్టినాను. పొయ్యి ముట్టించి వేసి రాపో. రెండు చుక్కలు ఆముదం వేయి. ఈ బోరు నీళ్ళకు అదే మందు. ఆ పొద్దు నన్నడిగింటే చెప్పిందును కదా, వాకిట్లో పెట్టుకుని ఊరంతా చూసేట్టు చేస్తివి."

నా భార్య లేచి గడప దాటి వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడే బస్సొచ్చి రోడ్డు మీద హారన్ కొట్టింది. మా కోసమే ఆపాడు కండక్టరు, మేము వెళ్తామని నిన్ననే చెప్పి ఉంచాం. పొగ కమ్మిన కిటికీలోంచి నా భార్య చేయి బయటికి వచ్చి బస్సును పొమ్మని ఊపింది. ఆ మధ్యాహ్నం చేనిగట్టు మీద సంగటి ముద్దతో ఆ పప్పు తిన్నాం. ముప్పై ఏళ్ళు విన్న రుచి అందులో ఉందో లేదో నాకు తెలియదు, నేను మాత్రం మూడుసార్లు వేయించుకున్నాను.

బావ ఇంటి పక్కనే రెండు గదులు బాగుచేయించుకుని, వీసా పొడిగించుకుంటూ ఉండిపోయాం. ఆ ఏడు పూత సమయంలో వాన మొండికేసింది, గొర్రుతో విత్తిన చేలో సగం కూడా చేతికి రాలేదు. మమ్మల్ని అయ్యో అన్నవాళ్ళు లేరు. అందరితో పాటే పోయిందన్నారంతే.

రెండేళ్ళ తర్వాత, మళ్ళీ విత్తనం ఒలిచే రోజుల్లో, అనంతపురం నుంచి రిటైరైన ఒక మేష్టారూ ఆయన భార్యా మా వాకిట్లోకి వచ్చారు. ఆమె పుట్టిల్లు ఈ చుట్టుపక్కలేనట, ఇల్లు వెతుకుతున్నారట. ఈ ఊరెలా ఉంటుందని అడిగింది ఆమె. నా భార్య చేతిలోని చేట దించి, వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి, ఎంతో ప్రేమగా చెప్పింది.

"ఈడేముండాదమ్మా, వానా లేదు, నీళ్ళూ ఉప్పు. నిడుగల్లుకు పోండి. ఆడ బేడలు బాగా ఉడుకుతాయి."

నేను చేట అక్కడే పెట్టి గొడ్ల కొట్టం వెనక్కి పోయి నవ్వుకుని వచ్చాను. ఎందుకు నవ్వుతున్నారని నా భార్య అడిగింది, ఆమెకు నిజంగానే తెలియలేదు.