తోక ఎత్తిన తేలు

మా పెదనాన్న పరుపులు కుడతాడు. మండుటెండల్లోనూ మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కాయే. ఎందుకని అడిగితే "దూది పడితే దురద" అంటాడు. పచ్చి అబద్ధం. చొక్కా కింద ఒళ్లంతా జైలు పచ్చబొట్లు. కొన్ని వేయించుకున్నవి, కొన్ని తనే వేసుకున్నవి.

కుర్రతనంలో ఆయన ఒక ముఠాలో తిరిగాడు. దొంగసొత్తు తెచ్చి తమ్ముడి మంచం కింద దాచాడు. ఆ తమ్ముడే మా నాన్న. పోలీసులు ఇద్దర్నీ పట్టుకుపోయారు. నాన్న మళ్లీ రాలేదు. జైల్లో గొడవల్లో పోయాడన్నారు, అంతే.

నాన్న ఫోటో ఒక్కటీ లేదు. అమ్మ చెప్పిన ఒక్క ముచ్చటే మిగిలింది. ములాఖత్‌కి పసిగుడ్డునైన నన్ను ఎత్తుకెళ్తే, నాన్న జాలీకి చెయ్యి ఆనించాడట. ముంజేతి మీద తేలును చూసి నేను గుక్కపట్టి ఏడ్చానట. అమ్మ కూడా పోయాక ఆ తేలు నా చేతి మీద కావాలనిపించింది. అదీ, నాన్నకు దాన్ని వేసిన పెదనాన్న చేతితోనే.

"ఆ పని మానేశానమ్మా" అన్నాడు పెదనాన్న.

"ఇంతింత పరుపులు కుడతావు, నాకో తేలు వెయ్యలేవా?"

తల వంచుకుని కుట్టుకుంటూ పోయాడు. మొండితనం మా ఇంటి సొత్తు. వెళ్లి దూది కుప్ప మీద కూర్చున్నాను. చివరికి సూది కింద పెట్టి చెప్పాడు.

జైల్లో రబ్బరు చెప్పు కాల్చి, ఆ మసిని సబ్బునీళ్లలో కలిపి, పెన్సిలు ముక్కకు కట్టిన సూదితో పొడిచేవాడట. వాళ్ల ముఠా గుర్తు తేలు.

"తోక దించితే మావాడని అర్థం. ఎత్తితే, అవతలి ముఠావాణ్ణి చంపినోడని."

"మరి నాన్నకి?"

"మా చిన్నోడు, అదే మీ నాన్న, బల్లిని చూస్తే మంచమెక్కేవాడు. అక్కడ వాణ్ణి బతకనివ్వరని నా భయం. తోక ఎత్తేస్తే ఎవడూ కన్నెత్తి చూడడనుకున్నా."

తర్వాత నాన్నను వేరే జైలుకు మార్చారు. అక్కడంతా అవతలి ముఠావాళ్లే. స్నానాల దగ్గర చొక్కా విప్పాడు.

"మావాళ్లలో ఎవణ్ణి చంపావురా అని అడిగారంట. ఎవర్నీ చంపలేదన్నా అని కాళ్లు పట్టుకున్నాడంట. చేతి మీదున్నదాన్ని నమ్మారు గానీ వాణ్ణి నమ్మలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. చేతికందిన దూదంతా ఆయన మొహాన కొట్టి వచ్చేశాను. చాలాకాలం ఆ వీధి ఛాయలకు పోలేదు. కోపమైతే చల్లారింది. దుఃఖం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నాకు మిగిలిన నాన్న వైపు మనిషి ఆయనొక్కడే.

మళ్లీ వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఏదో అధికారిని చూసినట్టు. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి చాపాను.

"తోక దించి వెయ్యి పెదనాన్నా."

గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో ముందు బొమ్మ గీశాడు. ఒళ్లు, కాళ్లు గబగబా వచ్చాయి. తోక దగ్గర చెయ్యి ఆగిపోయింది. చాలాసేపటికి గీత మణికట్టు వైపు దిగింది. సన్నసూది మరిగించి, దుకాణంలో కొన్న సిరాలో ముంచాడు.

"నొప్పేస్తే చెప్పమ్మా."

నొప్పేసింది. చెప్పలేదు.

పని అయిపోయినా ఆయన నా చెయ్యి వదల్లేదు. తేలు చుట్టూ బొటనవేలితో మెల్లగా నిమురుతూ, నా మొహం వైపు చూడకుండా అన్నాడు:

"ఇక నిన్నెవడూ ముట్టుకోడురా చిన్నోడా."