నాంచారయ్య దస్తూరి

ఆ కాగితాన్ని మేనేజరు బల్ల మీద పెట్టింది నేనే. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆ ఒక్క కాగితం బరువే. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రెండువేల తొలి సంవత్సరాలవి. గుడివాడలో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేస్తున్నాను. బందరు రోడ్డులో రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే ఒక కర్మాగారం ఉంది. దాని మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో నాంచారయ్య ఆపరేటరు. అవనిగడ్డ అవతల సముద్రపు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్లది. ఐటీఐ చదివి వలల నుంచి బయటపడ్డ మొదటివాడు అతనే. టీకొట్టు పరిచయంతోనే నన్ను బావగారూ అని పిలిచేవాడు.

మూసిన ట్యాంకులో మురుగు కుళ్లి మీథేన్ పుడుతుంది. దాన్ని గొట్టం చివర మండించాలి. మండించకుండా వదిలేస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కన్నా ఎన్నో రెట్లు చెడ్డది. అక్కడ బర్నరు పాడై రెండేళ్లయింది. రిజిస్టరులో మాత్రం ప్రతి షిఫ్టుకూ ‘మంట వెలుగుతోంది’ అని నాంచారయ్య చేత రాయించేవారు.

“పొగైతే జనం చూసి గోల చేసేవాళ్లండీ. ఇది కనపడి చావదు. సముద్రం పెరిగితే ముందు మునిగేది మా పల్లే. రాసేదేమో నా చెయ్యి,” అన్నాడు. మంట ఏ రోజు ఆరిపోయిందో, ఆ తర్వాత కూడా రిజిస్టరులో ఏమని రాయిస్తున్నారో ఒక కాగితం మీద రాసిచ్చాడు.

ఆరోపణ రాసేముందు అవతలివాళ్ల వివరణ తీసుకోవడం మా వృత్తిలో నియమం. వెళ్లాను. మేనేజరు నవ్వాడు. “టీకొట్టు కబుర్లు పట్టుకొచ్చారా విలేకరి గారూ? ఆధారం ఏదీ?”

జేబులోంచి కాగితం తీసి పెట్టాను. అతను చదవలేదు. చూశాడంతే.

“దస్తూరి ముచ్చటగా ఉందండీ.”

రోజూ రిజిస్టరులో ఆ దస్తూరి కిందే అతను సంతకం పెడతాడు. అది నాకు అప్పుడు తట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వాళ్లిచ్చిన టీ తాగి వచ్చాను.

పది నిమిషాలు కూర్చుని నా చేతిరాతలోకి ఎత్తి రాసుకుంటే సరిపోయేది. ఎందుకు రాయలేదు? బద్ధకమా? కాదు. అతని చేతిరాతలో ఉంటే అది ఆధారం, నా చేతిరాతలో ఉంటే వట్టి కబురు. ఆ తేడా తెలిసే, ఆ నవ్వు అణచడం కోసమే దాన్ని అలాగే పట్టుకెళ్లానేమో.

వార్త రాలేదు. “పొగ లేదు, ఎవరూ చావలేదు. ఇందులో వార్త ఎక్కడుందయ్యా?” అన్నారు డెస్కులో. వారం తిరక్కుండా నాంచారయ్యను పనిలోంచి తీసేశారు.

బస్టాండులో కలిశాడు. “బావగారూ, నా పేరేమైనా చెప్పారా అండీ?”

“నీ పేరు నా నోట రాలేదయ్యా.”

“అదే అన్నానండీ. మా ఆవిడకే అనుమానం. బావగారు అలాంటి మనిషి కాదే అని కేకలేశాను.”

నాకు టీ ఇప్పించి అవనిగడ్డ బస్సెక్కాడు. మళ్లీ వలలకే వెళ్లాడని తర్వాత విన్నాను.

నేను చెప్పింది అక్షరాలా నిజం. అంతకన్నా నీచమైన అబద్ధం నా జీవితంలో ఆడలేదు.

క్షమించమనడం లేదు. ఆ హక్కు మీది కాదు. అతన్ని వెతికి అడిగే ధైర్యం నాకు లేదు. రాశాక కొంచెం తేలికగా ఉంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

మొన్న బందరు బస్సులో వెళ్తూ చూశాను. కర్మాగారం ఇంకా నడుస్తోంది. ప్రహరీ మీదుగా ఆ గొట్టం కనిపిస్తూనే ఉంది. చివర మంట లేదు.