జాకడ్ మీద తెచ్చిన సైకిల్ సీటు

పోయినసారి ట్రయథ్లాన్‌లో ఈత హాయిగా ముగించి సైకిలెక్కాను. తొంభై కిలోమీటర్లు తొక్కి, ఆ తర్వాత పరుగెత్తాలి. సగం దారి దాటేసరికి నడుము కింద స్పర్శ పోయింది. కాసేపటికి మంట మొదలైంది. ఇక నావల్ల కాక దిగిపోయి, రోడ్డు పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. అదంతా చూసిన మా అత్తమ్మ ఈసారి గట్టిగా పట్టుపట్టింది. వచ్చే నెల పోటీలోపు నాకు సరిపడే సీటు దొరక్కపోతే పేరు వెనక్కి తీసుకోవాలట. సరేనని మాటిచ్చాను. కరెంటాఫీసులో గుమాస్తా పని చేసుకుంటూ ఏడాదిగా పడ్డ కష్టమంతా ఒక్క సీటు దగ్గర ఆగిపోయింది.

శనివారం పొద్దున పదింటికి ఛత్రినాకలో ఆటో ఎక్కి పురానాపూల్ దగ్గరున్న సైకిల్ దుకాణానికి బయల్దేరాను. షాలిబండ మీదుగా వెళ్తే అరగంట ప్రయాణం, నూటయాభై లోపే అవుతుంది. అత్తమ్మ కూడా ఎక్కి కూర్చుంది. ఇంట్లో పాడి చూసుకునే మనిషికి సైకిల్ సీట్లతో ఏం పని అనుకున్నాను. దుకాణంలో తెలిసింది. మూలన మెత్తటి జెల్ సీటొకటి, దాని పక్కన పొట్టి ముక్కుతో, మధ్యలో చీలికతో తేలికపాటి సీటొకటి కనిపించాయి. రెండూ నచ్చాయి గానీ తొక్కి చూడకుండా ఎలా కొనడం? తటపటాయిస్తుంటే అత్తమ్మ అందుకుంది.

"భాయ్, రెండూ జాకడ్ మీద ఇయ్యి. రేపు ఒకటి వాపస్ తెస్తం."

పాతబస్తీ చీరల దుకాణాల్లో జాకడ్ మామూలే. తెలిసినవాళ్లయితే చీరలు ఇంటికి పంపిస్తారు. ఇంట్లో అందరికీ చూపించి, నచ్చింది ఉంచుకుని మిగతావి తిరిగిచ్చేయొచ్చు. ఒక్కటే షరతు, చీరకు పసుపు పెట్టకూడదు. పసుపు తగిలిందంటే ఆ చీర మనదే. అయితే సైకిల్ సీటు జాకడ్ మీద అడగడం మాత్రం నేనెప్పుడూ వినలేదు. దుకాణం భాయ్ కూడా తెల్లబోయాడు.

"అమ్మా, చీర వేరే, సీటు వేరే. గీతలు వడితే నేనెవరికి అమ్మాలె?"

"నువ్వేం ఫికర్ జేయకు. గీత వడ్డదే మేం ఉంచుకుంటం. మా ఇంటి పాలు తాగుతవ్, నా మాట నమ్మవా?"

భాయ్ నవ్వేసి, సీటు కింది కడ్డీలకు గుడ్డపీలికలు చుట్టి ఇచ్చాడు.

ఇక ఇంట్లో లొల్లి మొదలైంది. జాకడ్ మీద ఏదో వచ్చిందనగానే ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. రెండు సీట్లనూ చీరల్లాగే చాప మీద పరిచింది అత్తమ్మ. అందరూ బొటనవేలితో నొక్కి చూశారు. జెల్ సీటు దూదిలా దిగిపోతుంటే మురిసిపోయారు. రెండోది చూసి అత్తమ్మ ముఖం చిట్లించింది.

"ఏంది గిది, ముక్కు ఇరిగినట్టు? మధ్యల చీల్చిండ్రు గూడ. మెత్తది వెట్టుకో బిడ్డా, నా మాటిను."

నిజం చెప్పొద్దూ, నాక్కూడా మెత్తదే సుఖమనిపించింది. ఆదివారం తెల్లవారుతూనే దాన్నే బిగించి, రెండోదాన్ని వీపు సంచిలో వేసుకుని బయల్దేరాను. బహదూర్‌పురా దాకా నిటారుగా కూర్చుని తొక్కాను, పరుపు మీద ఉన్నట్టుంది. జూపార్కు గోడ పక్కన రోడ్డు ఖాళీగా కనబడగానే, పోటీలో లాగా ముందుకు వంగి మోచేతులు హ్యాండిల్ మీద ఆనించి తొక్కడం మొదలుపెట్టాను. ఆరాంఘర్ వెళ్లి వెనక్కి వచ్చేలోపే పాత తిమ్మిరి! వంగినప్పుడు బరువంతా ముందుకు పడుతుంది. కూర్చునే ఎముకలు మెత్తదనంలోకి దిగిపోతే, మధ్యలో ఉబ్బిన జెల్ సరిగ్గా నొక్కకూడని చోటే నొక్కుతోంది. ఇక నా పని అయిపోయిందనిపించింది.

గోడ పక్కన ఆగి సీటు మార్చాను. ఇది అరచేతిలో పెడితే మామిడిపండంత బరువు కూడా లేదు. మొదటి పావుగంట గట్టిగానే తగిలింది. ముక్కు కొద్దిగా కిందికి వంచి బిగించాక ఒళ్లు సర్దుకుంది. శంషాబాద్ దాటి వెళ్లి, దారిలో ఇడ్లీలు తిని, వెనక్కి తిరిగి, మళ్లీ అదే దారిలో ఇంకోసారి వెళ్లొచ్చాను. తిమ్మిరి వస్తుందేమోనని భయపడుతూనే ఉన్నాను. రాలేదు. తిరిగి బహదూర్‌పురా చేరేసరికి సంతోషం పట్టలేక పిచ్చిదానిలా నాలో నేనే నవ్వుకున్నాను.

ఎండెక్కాక ఇల్లు చేరాను. అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"సగంల దిగినవా?"

"దిగలే అత్తమ్మా. తొంభై దాటిన. తిమ్మిరే ఎక్కలే."

నమ్మకం కుదరలేదేమో, నా నడక చూసింది. సీటును మళ్లీ బొటనవేలితో నొక్కి, "రాయి లెక్కుంది" అని గొణుక్కుంటూ లోపలికెళ్లింది. తిరిగొచ్చినప్పుడు వేలికొసకు తడి పసుపు ఉంది. సీటు వెనకంచున చిన్న బొట్టు పెట్టింది.

"ఇగ వాపస్ ఇయ్యనీకి లేదు. పో, పోటీకి పో."

మూడు వేల ఐదొందల సీటు నాదైపోయింది. సాయంత్రం జెల్ సీటు మాత్రం గీత పడకుండా పురానాపూల్ చేరింది. అత్తమ్మ పట్టుదల చూసి ఇన్నాళ్లూ నాకు అడ్డుపడుతోందనుకున్నాను. నేను మళ్లీ రోడ్డు పక్కన కూర్చుని ఏడవకూడదన్నదే ఆమె బాధ అని ఆ బొట్టు చూశాక అర్థమైంది. దూరం తొక్కే సీటు కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బొటనవేలిని నమ్మకండి. తిరిగి తీసుకుంటారో లేదో ముందే అడిగి, పోటీలో వేసుకునే బట్టల్లోనే, ముందుకు వంగి కనీసం గంటసేపు తొక్కి చూడండి. పసుపు ఆ తర్వాతే పెట్టండి.